మా అత్తగారి పేరు, నా పాస్‌పోర్టు

మా అత్తగారి పేరూ నా పేరూ ఒకటే. ఈ సంగతి పెళ్ళిచూపుల్లో ఎవరికీ తట్టలేదు. లగ్నపత్రిక రాసేటప్పుడు పంతులుగారు పెళ్ళికొడుకు తల్లి పేరు అడిగి రాసి, పెళ్ళికూతురి పేరు దగ్గరికొచ్చేసరికి కలం ఆపి మా నాన్న మొహం చూశారట. అప్పటికే తాంబూలాలు పుచ్చుకున్నారు. పేరు కోసం సంబంధం వదులుకునే మనిషి కాదు మా నాన్న.

మా వైపు దీనికి ఒకటే మందు. కోడలి పేరు మార్చేస్తారు. మామగారు తన భార్యను పిలిచే పేరుతో కోడల్ని పిలవలేడు, కొడుకు కన్నతల్లి పేరుతో పెళ్ళాన్ని పిలవలేడు. అందుకని సత్తెనపల్లి పక్కన ఈ ఊరికి నేను కాపురానికొచ్చిన మర్నాడే మా మామగారు వాకిట్లో మంచం మీద కూర్చుని, చుట్ట ముట్టించుకుని, నాకో కొత్త పేరు పెట్టేశారు. దూడకి పేరు పెట్టడానికైనా అంతకంటే కాస్త ఎక్కువసేపు ఆలోచిస్తారు. ఆ పేరు ఇక్కడ రాయను. అసలు పేరూ రాయను. రెండిటితోనూ పడ్డ పాట్లు చాలు.

వీధి వీధంతా కొత్త పేరుకి అలవాటు పడిపోయింది. మా ఆయన మాత్రం ఏ పేరు జోలికీ పోకుండా ఇన్నేళ్ళూ "ఇదుగో" తోనే నెట్టుకొస్తున్నారు. నా అసలు పేరు పదో తరగతి సర్టిఫికెట్లోనూ, రేషన్ కార్డులోనూ, తర్వాత ఆధార్‌లోనూ మిగిలింది. ఇంకొకచోట కూడా మిగిలింది, మా అక్క నోట్లో.

అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్ళు. నాకు జడ వేసిందీ, బడికి పంపిందీ, చెప్పిన మాట వినకపోతే తన్నిందీ అక్కే. బావ మస్కట్‌లో కరెంటు పనులు చూసే మేస్త్రీ. అక్క కూడా అక్కడే, ఇంట్లో జాకెట్లు కుట్టుకుంటూ. ప్రతి శుక్రవారం ఫోన్ చేసి ముందు నా పేరు పెట్టి పిలుస్తుంది, ఆ తర్వాతే మాట. నాన్న కూడా పోయాక భూమ్మీద నన్ను ఆ పేరుతో పిలిచే మనిషి అదొక్కతే.

ఇక గోడ అవతల పిన్ని. మా ఆయనకు దూరపు వరసలో పిన్ని అవుతుంది. నాకు అత్త కావాలి, కానీ ఒక మనిషికి ఒక అత్త చాలని నేనూ పిన్ని అనే అనేదాన్ని. ఆవిడా మా అత్తగారూ ఒకే ఏడు ఈ ఊరికి కాపురానికొచ్చారు. తెల్లారగానే పిన్ని గోడ మీద చెయ్యేసి మా అత్తగారిని పేరు పెట్టి పిలిచేది. ఈవిడ "ఏందే" అనేది. కూర గిన్నెలు అటూ ఇటూ తిరిగేవి. కొత్తలో ఆ పిలుపుకి నేను కూడా ఒకట్రెండుసార్లు "ఆఁ" అన్నాను. ఇద్దరూ పడీపడీ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఏడాది తిరిగేసరికి ఆ పేరు వినపడ్డా తల తిప్పడం మానేశాను.

మా అత్తగారు పోయిన రోజు పిన్ని ఏడవలేదు. మర్నాడు పొద్దున్నే అలవాటుగా గోడ దగ్గరికొచ్చి, నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని వెళ్ళిపోయింది. నేను పంపు దగ్గర గిన్నెలు తోముతూ చూశాను.

అది జరిగిన రెండేళ్ళకి, అంటే ఇప్పటికి పదేళ్ళ కిందట, ఒక శుక్రవారం అక్క ఫోన్లో నా పేరు పిలిచి ఊరుకుంది. ఏమైందే అంటే చెప్పింది. కడుపులో గడ్డ ఉందట. ఆపరేషన్ చేసి తీసి చూస్తేగానీ అది మంచిదో చెడ్డదో చెప్పలేమన్నారట. ఆరు వారాల తర్వాత రోజు ఇచ్చారు.

"నువ్వు రావే. ఆ రోజు నువ్వు పక్కన ఉండాలి. నాకు భయంగా ఉంది" అంది.

పాముని చీపురుకట్టతో కొట్టిన మనిషి మా అక్క. దాని నోట భయం అనే మాట నేనెప్పుడూ వినలేదు. టికెట్టు బావ కొంటానన్నాడు, వీసా అక్కణ్ణుంచే తీస్తానన్నాడు. కావలసిందల్లా పాస్‌పోర్టు. అప్పటిదాకా నేను దాటిన పెద్ద ఎల్లంటే హైదరాబాదే.

సత్తెనపల్లిలో ఒక నెట్ సెంటర్లో ఫారం నింపించాం. కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి చకచకా అడుగుతూ పోయింది. పుట్టిన తేదీ, చదువు, భర్త పేరు. అన్నిటికీ కాగితాలు చూపించాను. మధ్యలో "ఇంకేమైనా పేర్లున్నాయా ఆంటీ మీకు?" అంది.

"లేవమ్మా" అన్నాను.

మామగారు చుట్ట కాలుస్తూ పెట్టిన పేరు గవర్నమెంటుకెందుకు అనుకున్నాను. మా ఆయన కూడా పక్కనే ఉన్నారు, ఆయనకూ తట్టలేదు. ఫోన్ నంబరు మా ఆయనది ఇచ్చాం. గుంటూరులో పాస్‌పోర్టు కేంద్రానికి వెళ్తే ఫోటో తీసి, వేలిముద్రలు తీసుకుని, గంటన్నరలో పంపేశారు. ఇంతేనా అనిపించింది. ఇక పోలీసులు ఇంటికొచ్చి విచారించుకుంటారని, అది అయితే పుస్తకం పోస్టులో వస్తుందని చెప్పారు.

అవి మిరపకాయల రోజులు. తెల్లారి పొలం పోతే చీకటి పడ్డాకే ఇల్లు. కళ్ళంలో టార్పాలిన్ పట్టాల మీద కాయ ఎండబోసి, రంగు పోయిన తాలు కాయ వేరుచేస్తూ కూర్చునేవాళ్ళం. మా ఆయన ఫోన్ చొక్కా జేబులో, చొక్కా పాకలో గుంజకి. కానిస్టేబుల్ నాలుగుసార్లు ఫోన్ చేశాడని తర్వాత తెలిసింది. ఎత్తకపోయేసరికి అతనే ఊళ్ళోకి వచ్చాడు. మా ఇంటికి తాళం. పక్కింటి అరుగు మీద పిన్ని మిరపకాయలకి తొడిమలు తీస్తూ కనపడింది. ఫలానా ఆవిడ ఇల్లు ఇదేనా అని నా పేరు చెప్పి అడిగాడు.

"ఇదే నాయనా. ఆవిడ పోయి రెండేళ్ళయింది" అంది పిన్ని.

పాస్‌పోర్టుకి పెట్టుకున్నారు కదా అన్నాడు. "పోయినావిడకి పాస్‌పోర్టు ఏంటయ్యా? బతికున్నప్పుడే కోటప్పకొండ తిరణాలకి తప్ప ఎటూ పోయెరగదు" అంది. అతను కాగితం మీద ఫోటో చూపించాడట. పిన్ని కళ్ళజోడు లోపలుంది. కారం చేతులతో తెచ్చుకోలేక, చూడకుండానే తలూపింది. ఎదురింటాయన్ని అడిగితే ఆయనా అదే చెప్పాడు. ఇంటిపేరూ పేరూ రెండూ అత్తాకోడళ్ళవి అచ్చంగా ఒకటే, అతను మాత్రం ఏం చేస్తాడు. రాసుకుని పోయాడు.

ఆ రోజు చీకటి పడి ఇంటికొచ్చాక పిన్ని గోడ దగ్గర నన్ను ఆపి చెప్పింది. "ఎవడో పోలీసు వచ్చి మీ అత్తని అడిగాడు. పోయిందని చెప్పి పంపించా."

నేనేమన్నానో తెలుసా? "అవునా పిన్నీ" అన్నాను. అని, లోపలికిపోయి కారం మంటకి చేతులకి ఆముదం రాసుకుని పొయ్యి వెలిగించాను. పోలీసుల కోసం ఎదురుచూస్తున్నది నేనే. ఆ పేరుతో దరఖాస్తు పెట్టిందీ నేనే. అయినా ఆ పేరు వినగానే నాకూ మా అత్తగారే గుర్తొచ్చింది తప్ప నేను గుర్తు రాలేదు. పిన్నిని అనడానికి నాకు నోరెక్కడిది?

పది రోజులకి మా ఆయన ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, పోలీసు రిపోర్టు అనుకూలంగా లేదని. అప్పటికి ఆపరేషన్ మూడు వారాల్లో పడింది. పరుగెత్తుకుంటూ స్టేషన్‌కి పోయాం. అక్కడ రాతపని చూసే రైటర్ రికార్డు తీసి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చూశాడు.

"మీరు చనిపోయారని ఉందమ్మా."

"బతికే ఉన్నానండి" అన్నాను.

"అది మీరు చెబితే చాలదు కదమ్మా" అన్నాడు. హాస్యానికి కాదు, నిజంగానే అన్నాడు.

ఆ కానిస్టేబుల్‌ని పిలిపించారు. మంచివాడే. వయసు చూసుకోకుండా రాశానండీ అని తనే ఒప్పుకున్నాడు. మళ్ళీ రిపోర్టు పంపుతామన్నారు, కానీ ఒక మెలిక పెట్టారు. చనిపోయింది అని ఎవరు చెప్పారో వాళ్ళే వచ్చి, చనిపోయినావిడ వేరు, ఈవిడ వేరు, ఈవిడ పేరు ఇది అని చెప్పి సంతకం పెట్టాలి. అత్తగారి మరణ పత్రం కూడా తేవాలి. పత్రం పంచాయతీలో మర్నాడే ఇచ్చారు. ఎదురింటాయన సరే పదమన్నాడు. పిన్ని మాత్రం రానంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. కాళ్ళ నొప్పులు అనుకున్నాను, ఆటో పెడతానన్నాను. పోలీసులంటే భయమేమో అనుకున్నాను, మా ఆయన పక్కనే ఉంటారన్నాను. అవేవీ కావట. తొడిమలు తీసే చేతులు ఆపకుండా అసలు సంగతి చెప్పింది.

"అది పోయిందని ఇన్నాళ్ళూ నేను ఎవరికీ చెప్పలేదే. వాడెవడో వచ్చి నా నోటితో అనిపించాడు. ఇప్పుడు ఆ పేరు ఇంకోళ్ళదని కూడా నా నోటితోనే చెప్పాలా? ఆ పేరు దానిది."

"నాది కూడా పిన్నీ. మా అమ్మ పెట్టింది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఇంటికొచ్చి కసితీరా ఏడ్చాను. మా అక్క ఆపరేషన్ కంటే, పేరు విషయంలో ఇరవయ్యేడేళ్ళుగా నోరెత్తనందుకు ఎక్కువ ఏడ్చినట్టున్నాను.

శుక్రవారం వచ్చింది. ఆ వేళప్పుడు వాకిట్లో పట్టా మీద కాయలు ఏరుతున్నాను. చేతులు కారం. ఫోన్ మోగితే మోచేత్తో స్పీకర్ నొక్కాను. అక్క ఎప్పటిలాగే ముందు నా పేరు పిలిచింది. దాని గొంతు చిన్నప్పట్నుంచీ పెద్దది. వాకిలంతా వినపడింది.

గోడ అవతల చాట కింద పడిన చప్పుడైంది. పిన్ని గోడ మీద రెండు చేతులూ వేసి నిలబడింది. "ఎవరు పిలిచింది?" అంది.

"మా అక్క, పిన్నీ."

అక్క అటునుంచి మళ్ళీ పిలిచింది. వినపడుతోందా, వస్తున్నావా, ఆస్పత్రివాళ్ళు రోజు మార్చం అంటున్నారే అంటోంది. నేను ఆఁ, ఊఁ అంటున్నాను. పిన్ని ఫోన్ వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది. ఫోన్ పెట్టేశాక, "నిన్ను అట్టాగే పిలుస్తుందా?" అని అడిగింది. అట్టాగే పిలుస్తుందన్నాను. "ఇంకెవరు పిలుస్తారు?" అంది. ఇంకెవరూ లేరన్నాను. కింద పడ్డ కాయలు చాటలోకి ఎత్తుకుని లోపలికి పోయింది.

మర్నాడు మేం ఆటో కోసం వీధిలోకి వచ్చేసరికి పిన్ని ఉతికిన చీర కట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని, అరుగు మీద తయారుగా కూర్చుని ఉంది.

స్టేషన్లో కానిస్టేబుల్ కాగితం ముందేసుకుని, పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టి, నన్ను చూపించాడు. "ఈవిడ మీకు తెలుసా?" తెలుసంది. "ఎన్నేళ్ళుగా?" పెళ్ళై వచ్చినప్పట్నుంచీ అంది. "ఈవిడ పేరేంటి?"

పిన్ని బల్ల మీది కాగితం కేసి చూసింది. కానిస్టేబుల్ ఏదో అనబోతే రైటర్ చేత్తో ఆపాడు. అప్పుడు పిన్ని నా వైపు తిరిగి, గోడ మీంచి పిలిచేటప్పటి గొంతుతో ఆ పేరు పిలిచింది. రెండేళ్ళ తర్వాత. నేను "ఆఁ" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మా అత్తగారి కోసం ఆ రోజు ఏడవాల్సిన ఏడుపంతా పోలీస్ స్టేషన్లో ఏడ్చింది. కానిస్టేబుల్ పాపం మంచినీళ్ళు తెచ్చిపెట్టాడు. తర్వాత వేలిముద్ర వేసింది.

పాస్‌పోర్టు పోస్టులో వచ్చింది. ఆపరేషన్‌కి రెండు రోజుల ముందు నేను మస్కట్‌లో దిగాను. ఆస్పత్రిలో అక్కని లోపలికి తీసుకుపోయాక, కొన్ని గంటలకి నర్సు వరండాలోకి వచ్చి, రోగికి తోడుగా రాయించిన నా పేరు గట్టిగా పిలిచింది. నేను కదల్లేదు. మా అత్తగారు ఇక్కడెందుకుంటుందని పిచ్చిగా అనుకున్నాను కూడా. బావ భుజం తడితే అప్పుడు లేచాను. గడ్డ మంచిదేనని చెప్పింది. అక్క కళ్ళు తెరిచి, నన్ను చూసి, మత్తులోనే పేరు పెట్టి పిలిచి, "జడ అట్టా వేసుకున్నావేంటే" అని తిట్టింది. ఇక బతికిందని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది.

నెల తర్వాత ఇంటికొచ్చాను. మర్నాడు తెల్లారుతూనే గోడ మీంచి పిలుపు వినపడింది. పిన్ని, నా అసలు పేరుతో. నా మీద దయతో పిలుస్తోందనుకున్నాను, సంతోషించాను. ఆ రోజు నుంచీ రోజూ అదే పిలుపు. వీధిలో మిగతావాళ్ళు మామగారు పెట్టిన పేరు దగ్గరే ఆగిపోయారు, పిన్ని ఒక్కతే మారింది.

ఈ మూడు నాలుగేళ్ళుగా నాకో అనుమానం. పిన్నికి ఎనభై దాటాయి. ఒక్కోరోజు నన్ను పిలిచి, "మనం పొగాకు కాల్చే బేరన్ దగ్గర పని చేసినప్పుడు ఆ మేస్త్రీ ఉన్నాడే" అని మొదలుపెడుతుంది. నేను పొగాకు పని ఎన్నడూ చేయలేదు. మా అత్తగారు చేసింది. సరిచేయడం ఎందుకని, "ఉన్నాడు, ఉన్నాడు" అంటాను.

ఈ ఏడాది పాస్‌పోర్టు గడువు తీరింది. అక్కకి ఇప్పుడు రోగమేమీ లేదు, ఊరికే ఒకసారి వచ్చి పోవే అంటోంది. రెన్యువల్‌కి పెట్టాను. నెట్ సెంటర్లో ఇంకేమైనా పేర్లున్నాయా అని మళ్ళీ అడిగారు. కొత్తగా ఉన్నాయంటే మళ్ళీ ఏం మెలిక పడుతుందోనని లేవనే చెప్పాను. ఈసారి ఫోన్ మాత్రం చేతిలోంచి దించలేదు. కానిస్టేబుల్ చెప్పి మరీ వచ్చాడు, వేరే అతను, కుర్రవాడు. ఇరుగుపొరుగులో ఇద్దరితో మాట్లాడాలన్నాడు. ఎదురింటాయన ఉన్నాడు. ఇంకొకరెవరని చూస్తే అరుగు మీద పిన్ని.

అతను వంగి, నా పేరు చెప్పి, ఆవిడ తెలుసా మామ్మగారూ అని అడిగాడు.

"తెలియకపోవడమేంటి నాయనా" అంది పిన్ని. "ఇద్దరం ఒకే ఏడు కాపురానికొచ్చాం. ఇదుగో, ఇదే."

అతను పిన్నిని చూశాడు, నన్ను చూశాడు. పెద్దావిడ కదా అన్నట్టు నవ్వి, రాసుకుని, వేలిముద్ర వేయించుకుని వెళ్ళిపోయాడు. మొదటిసారి పిన్ని ఉన్నది ఉన్నట్టు చెబితే నేను చచ్చిపోయాను. ఈసారి లేనిది చెబితే నాకు పదేళ్ళ పాస్‌పోర్టు వచ్చింది.

బండి చప్పుడు వీధి మలుపు తిరిగాక పిన్ని నన్ను దగ్గరికి పిలిచింది. పేరు పెట్టే పిలిచింది. పోయి పక్కన కూర్చున్నాను.

"ఎక్కడికే ప్రయాణం?"

"మస్కట్, మా అక్క దగ్గరికి."

"నీకు అక్కెక్కడుందే?" అంది ఆశ్చర్యంగా. మా అత్తగారికి తోబుట్టువులు లేరు. నా చెయ్యి పట్టుకుంది. తొడిమలు తీసీ తీసీ గరుకెక్కిన వేళ్ళు.

"పోతే పోయావులే, తొందరగా రా. అప్పుడు వాడెవడో వచ్చి అడిగితే నువ్వు పోయావని చెప్పాను. పాపం చేశాను. ఈసారి ఎవడడిగినా చెప్పనులే."

"సరే పిన్నీ" అని నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, ఆ చెయ్యి వదలకుండా, మా అత్తగారు అనేట్టే "సరేలేవే, వస్తాను" అన్నాను.